యుమ్మా ఇంటిని కాచిన ఓబులమ్మక్క

ఓబులమ్మక్క పోయిందన్న కబురు ఆమె చెల్లెలి కూతురు రమణమ్మ ఫోనులో చెప్పింది. "అయ్యవారూ, పెద్దమ్మ పొద్దున్నించి లేయలే. ఎంత పిలిచినా పలకలే. డాక్టరొచ్చి చూసి అయిపాయనన్యాడు. నువ్వొచ్చేదంకా ఉంచుతాం" అంది. ఫోను చేతిలో పట్టుకుని అమలాపురంలోని మా ఇంటి వరండాలో ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు. మృత్యువు అనివార్యమని ముప్పై ఏళ్ళు పిల్లలకు పద్యాలలో బోధించినవాణ్ణి. అయినా ఈ ఒక్క మరణవార్తను నా బుద్ధి స్వీకరించలేదు. గతించిన ఒక మనిషిని నాలుగు నెలలపాటు లోకం కళ్ళకు సజీవంగా చూపిన స్త్రీ ఆమె. ఆమె కూడా ఒకనాడు ఇలా నిశ్శబ్దంగా వెళ్ళిపోతుందని నేనెన్నడూ తలచలేదు.

రాయచోటికి ఆవల ఒక చిన్న పల్లె ఆమెది. పెళ్ళైన కొద్ది ఏళ్ళకే భర్త గతించాడు, పిల్లలు లేరు. కువైట్‌లో జహ్రా పట్టణంలో ఒక ఇంట వంటమనిషిగా చేరింది. అదే ఇంట్లో నేను కారు డ్రైవరును. భాషాప్రవీణ పూర్తిచేసి, పండితుని ఉద్యోగం దొరకక, స్టీరింగు పట్టుకున్న కోనసీమవాణ్ణి. ఆమెకు అప్పుడు నలభై ఏళ్ళుంటాయి, నాకు పాతిక. నన్ను "అబ్బీ" అనేది. నేను "అక్కా" అని, మా అలవాటు కొద్దీ "అండి" చేర్చేవాణ్ణి. "నాకెందుకబ్బీ ఆ అండీలు, గిన్నెలు కడిగేదానికి" అని నవ్వేది.

ఆమె స్వభావం తెలియాలంటే ముందుగా ఒక ముచ్చట చెప్పాలి. కువైట్ నుంచి తిరిగివచ్చిన కొన్నేళ్ళకు తన పల్లెలోనే రెండు గదుల ఇల్లొకటి అమ్మకానికి వస్తే కొనాలనుకుంది. పల్లెటూళ్ళలో ఇల్లు కొనుక్కునే పేదవారికి ప్రభుత్వం పూచీగా నిలిచి బ్యాంకుల చేత అప్పు ఇప్పించే పథకం ఒకటి నడుస్తున్న కాలమది. అప్పటికి ఇక్కడే పండితుని ఉద్యోగం దొరికిన నన్ను దరఖాస్తు రాసిపెట్టడానికి రమ్మంది. మేనేజరు కాగితాలు తిరగేసి, "ఈ స్కీములో ఇల్లు కొని తాళం వేసుకుంటే కుదరదమ్మా. అద్దెకివ్వకూడదు. నువ్వే కాపురం ఉండాలి" అన్నాడు.

"ఇంట్లో ఉండేదానికి నన్ను మించినోళ్ళు మీకు దొరకరు సార్" అంది అక్క. తర్వాత తీవ్రంగా ఆలోచించి, "సార్, ఒక మాట. ఈ గవర్మెంటు పోతే అప్పు ఎవురికి కట్టల్ల?" అని అడిగింది.

మేనేజరు నవ్వాడు. "గవర్నమెంటు ఎక్కడికి పోతుందమ్మా? పార్టీలు మారుతాయి గానీ."

"పోతాది సార్. నేను కండ్లారా చూసినా. రాత్రి పండుకునేటప్పుడు ఉండె. తెల్లారి లేసి చూచ్చే లేదు."

ఆయన నవ్వు ఆగిపోయింది. ఆమె ముఖంలో పరిహాసం లేశమైనా లేదు. సంతకం పెట్టేముందు ఆయన నావైపు చూశాడు. నేను తలదించుకున్నాను. ఆమె చెప్పింది అక్షరసత్యం.

మా యజమానిని బాబా అనీ, ఆయన భార్యను మామా అనీ పిలిచేవాళ్ళం. బాబా ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా. ధనికుడేమీ కాదు. సొంత ఇల్లు లేని పౌరులకు అక్కడి ప్రభుత్వం స్థలమూ, వడ్డీ లేని దీర్ఘకాలపు అప్పూ ఇచ్చేది. ఆ వరుసలో ఏళ్ళ తరబడి వేచి, చివరికి జహ్రాలో ఇల్లు కట్టుకున్నాడు. ఆయన తల్లిని అందరమూ యుమ్మా అనేవాళ్ళం. యుమ్మా అంటే అమ్మ. ఎడారి గుడారంలో పుట్టి, రేకుల గుడిసెల్లో ముసలిదైన మనిషి. జీవితంలో తొలిసారి తన కొడుకు గోడల మధ్య పడుకుంటున్నానని అందరికీ చెప్పుకునేది. అప్పుపత్రాన్ని ఒక బిస్కెట్ల డబ్బాలో పెట్టి తన మంచం కింద దాచుకుంది. "మనుషులుంటే ఇది ఇల్లు. లేకుంటే గోడలు కూడా కాదు, ఒట్టి అప్పు" అనేది. మోకాళ్ళు పట్టేసి నడవలేకపోయేది. నల్లని అబాయా కప్పుకుని, ముఖానికి కళ్ళు మాత్రం కనిపించే ముసుగు కట్టుకుని, గేటుకెదురుగా ఉన్న కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉండేది. ఆమెకొక పొడిదగ్గు ఉండేది. రెండుసార్లు దగ్గి, ఆగి, మరొకసారి దగ్గేది. ఆమెను లేపి కూర్చోబెట్టేది, స్నానం చేయించేది, కాళ్ళు ఒత్తేది ఓబులమ్మక్కే. ఆరేళ్ళలో ఆ వృద్ధురాలి భాష, కూర్చునే తీరు, విసుగు, ప్రార్థన అన్నీ ఆమెకు కంఠస్థమయ్యాయి.

1990 వేసవిలో బాబా, మామా పిల్లలతో ఈజిప్టు వెళ్ళారు. ప్రయాణం చేయలేని యుమ్మాను మాకు అప్పగించారు. ఆగస్టు మొదట్లో ఒక తెల్లవారుజామున ఇరాకు సైన్యం సరిహద్దు దాటింది. పొద్దెక్కేసరికి మా వీధి మొగన యుద్ధట్యాంకు నిలిచి ఉంది. ఆ దేశపు ప్రభుత్వం అప్పటికే లేదు.

కొద్ది వారాల్లో మా వీధి ఖాళీ అయింది. అందరూ ఒక్కసారి వెళ్ళలేదు. పొద్దున లేచేసరికి ఒక ఇల్లు తగ్గేది. ఏసీలు ఆపకుండానే వెళ్ళిపోయినవారున్నారు. మనిషి లేని ఇళ్ళలో ఆ యంత్రాలు రోజులకొద్దీ ఊపిరి పీలుస్తున్నట్టు మూలుగుతూనే ఉండేవి. పక్కింట్లో మాత్రం ప్రతిరోజూ పొద్దువాలేటప్పటి అసర్ నమాజు వేళకు టెలిఫోను మోగేది. విదేశాల లైన్లు తెగిపోయాయి కనుక ఊళ్ళోనుంచే ఎవరో చేస్తున్నారనుకోవాలి. చాలాసేపు మోగి ఆగేది. "ఇంట్లో ఎవురూ లేరని తెలిసే జేచ్చాండారబ్బీ. ఇల్లు ఉండాదా లేదా అని వినేదానికి" అంది అక్క. ఒకనాడు అది మోగలేదు. ఆనాడు మేమిద్దరమూ అన్నం తినలేకపోయాం.

నగరంలోని హవల్లీ పేటలో మన తెలుగువాళ్ళు కొందరు ఒక ఫ్లాటులో చేరి, దేశం దాటే బస్సుల కోసం పేర్లు రాయించుకుంటున్నారని విని వెళ్ళొచ్చాను. తిరిగివచ్చి వంటింట్లో చెప్పాను. "అక్కా, మనోళ్ళందరూ ఎల్లిపోతన్నారండి. పాస్‌పోర్టు లేకపోయినా ఎంబసీవోళ్ళు కాయితం ఇత్తన్నారంట. రేపొద్దున్నే బయల్దేరిపోదామండి."

ఆమె చపాతీ కాలుస్తూ తల ఎత్తలేదు. "నువ్వు పో అబ్బీ. పెండ్లి గావాల్సినోడివి. నేనొచ్చే యుమ్మాను ఎవురు లేపి కూసోబెడ్తారు? నీళ్ళెవురు తాపుతారు?"

"ఆవిడ మనకేవవుతాదండి?"

"ఏమీ గాదు" అంది. "ఏమీ గాకపోయినా దప్పికవుతాది గదా."

నేను వెళ్ళలేదు. త్యాగమని ఎవరూ భ్రమించవద్దు. ఆ ఇద్దరు స్త్రీలను శూన్యవీధిలో వదిలి బస్సెక్కే ధైర్యం నాకు లేకపోయింది, అంతే.

సెప్టెంబరులో ఒక సైనికాధికారి చేతిలో రిజిస్టరుతో వచ్చాడు. మా పేటలో ప్రభుత్వపు అప్పుతో కట్టిన ఇళ్ళ జాబితా అది. సన్నగా, మర్యాదగా మాట్లాడాడు. "అప్పిచ్చిన ప్రభుత్వం ఇప్పుడు లేదు. కనుక ఆ అప్పుతో కట్టిన ఇళ్ళన్నీ మావి. యజమానులు లోపల ఉంటే అది వేరే సంగతి" అన్నాడు. కిటికీ దగ్గర కూర్చున్న యుమ్మాను చూపించాను. ఆమె ముసుగులోనుంచి అతన్ని నిర్లక్ష్యంగా చూసి దగ్గింది. అతడు మా గేటు మీద సుద్దతో సున్నా గీయించాడు. ఖాళీ ఇళ్ళకు ఇంటూ గుర్తు వేశారు. ఇంటూ పడిన ఇళ్ళ తలుపులు, కిటికీలు, వైర్లు, స్నానపుతొట్లు లారీల్లోకి ఎక్కాయి. వారం తిరిగేసరికి అవి కళ్ళు పీకేసిన ముఖాల్లా నిలబడ్డాయి.

నవంబరులో ఒక మధ్యాహ్నం యుమ్మా కన్నుమూసింది. రెండు రోజులు జ్వరం, అంతే. చివరిక్షణంలో అక్క చేయి పట్టుకుని, "ఓబులా, కొడుకు వచ్చేదాకా ఇల్లు వదలకు" అన్నది. రెండు వీధుల అవతల ఉమ్ సాలిం అనే వృద్ధురాలు తన కొడుకులతో మిగిలి ఉంది. అక్క వెళ్ళి రహస్యంగా పిలుచుకొచ్చింది. ఉమ్ సాలిం తమ ఆచారం ప్రకారం శవాన్ని కడిగి తెల్లబట్ట చుట్టింది. ఆమె కొడుకులు తమ బంధువని చెప్పి శ్మశానంలో ఖననం చేశారు. నేను దూరంగా నిలబడి చూశాను. అక్కడ గుర్తుగా ఒక రాయి తప్ప పేరు లేదు.

ఇంటికొచ్చేసరికి కిటికీ దగ్గర కుర్చీలో యుమ్మా కూర్చుని ఉంది.

నా కాళ్ళు గుమ్మంలోనే ఆగిపోయాయి. అదే అబాయా, అదే ముసుగు, కుడిభుజం కాస్త వాలిన అదే తీరు. రెండుసార్లు దగ్గి, ఆగి, మరొకసారి దగ్గింది. తర్వాత కడప మాటలో, "బెదురుకోవాకబ్బీ, నేనే" అంది.

"అక్కా, చచ్చిపోయినావిడ బట్టలండి అయ్యి. తప్పండి, తీసెయ్యండి" అన్నాను.

"తీసేచ్చే రేపొచ్చి గేటుమింద ఇంటూ గీచ్చారు. మనం యాడుంటాం? బస్సులు ల్యా, ఇమానాలు ల్యా. బాబా వచ్చినాక యాడుంటాడు? ఆయమ్మ ఏం చెప్పి పోయె?" ఆమె చేతులు ముందుకు చాచింది. గోళ్ళకు యుమ్మా మాదిరిగా గోరింటాకు పెట్టుకుని ఉంది. "నేను ఆయమ్మను ఆరేండ్లు మోసినా. ఇంగ కొన్నాళ్ళు మోచ్చా."

ఆనాటి నుంచి మా జీవితం ఒక విచిత్ర నాటకమైంది. తెల్లవారుజామునే వంట ముగించి, సూర్యుడు పైకి రాకముందే ఆమె ముసుగు కట్టుకుని కిటికీ చేరేది. సాయంత్రం వరకూ కదిలేది కాదు. పనిమనిషి హవల్లీకి పారిపోయిందని నేను అడిగినవారికి చెప్పేవాణ్ణి. ఊరి పక్క అమ్ఘరాలోని తుక్కుదుకాణాల్లో తిరిగి, అక్కడ దొంగచాటుగా అమ్మే కిరోసిను, బియ్యం సంపాదించేవాణ్ణి. గేటు తోసుకుని రాగానే కిటికీలోనుంచి ఆ కళ్ళు నన్ను చూసేవి. అక్కేనని తెలిసినా ప్రతిసారీ ఒక అడుగు వెనక్కి వేసేవాణ్ణి.

డిసెంబరులో తనిఖీకి వచ్చిన సైనికులలో తల నెరిసిన ఒకడున్నాడు. మిగతావారు గదులు చూస్తుండగా అతడు కుర్చీ ముందు మోకరిల్లి, అక్కడ ముసలమ్మలను గౌరవంగా పిలిచే పిలుపుతో పలకరించాడు. "హజ్జియా, బస్రాలో మా అమ్మకు బాగాలేదు. ఉత్తరం లేదు. నీ నోటితో ఒక ప్రార్థన చెయ్యి" అన్నాడు. అంట్లు తోమి కాయలు కాచిన ఆ చేయి ముసుగు అంచునుంచి బయటికి వచ్చి అతని తలమీద నిలిచింది. యుమ్మా గొంతుతో, యుమ్మా రోజూ గొణిగే ప్రార్థన, ఒక్క మాట తడబడకుండా ఆమె పలికింది. అతడు ఏడ్చి ఆ చేతిని ముద్దుపెట్టుకున్నాడు. ముద్దుపెట్టుకుని అరచేతిని క్షణకాలం చూశాడు. గేటు దగ్గర నాతో, "మీ ముసలమ్మది కష్టం చేసిన చెయ్యి" అన్నాడు. నేను గేటు గడియ వేశాను. ఆ తర్వాత శుక్రవారాలు అతడు గోడమీద రొట్టెలు పెట్టి పోయేవాడు. అతనికి తెలుసునో తెలియదో నేటికీ చెప్పలేను. ఆనాడు మాత్రం ముసుగు విప్పాక అక్క చాలాసేపు ఏడ్చింది. "దొంగ ప్రార్థన జేసినానా అబ్బీ? వాళ్ళమ్మకు తగలదా?" అని అడిగింది. "మనసుతో చేశారు కదండి" అన్నాను. "అవును, జేసినా" అంది.

క్రమంగా నన్ను మరొక భయం ఆవరించింది. ఎవరూ లేనప్పుడు కూడా ఆమె ఆ దగ్గే దగ్గసాగింది. టీలో యాలకులు తక్కువైతే అరబ్బీలోనే కసిరేది. యుమ్మా నన్ను పొడుగ్గా ఉన్నానని "ఖర్జూరం చెట్టు" అని పిలిచేది. ఒకనాడు అక్క నోట అదే పిలుపు వచ్చింది. పిలిచిన సంగతి ఆమెకే తెలియదు.

జనవరిలో బాంబుల వర్షం మొదలైంది. ఆ పైన చమురుబావులు అంటుకున్నాయి. మధ్యాహ్నం పన్నెండింటికి ఆకాశం నల్లబడి, చేతిలో దీపం లేకుండా గదిలో నడవలేకపోయేవాళ్ళం. అటువంటి చీకటి మధ్యాహ్నం ఒకటి నేను మరువలేను. తనిఖీల భయం తగ్గిందని అక్క చీర కట్టుకుని వంటింట్లో బియ్యం కడుగుతోంది. నేను ఆమె పక్కనే లాంతరు పట్టుకుని ఉన్నాను. ముందుగదిలోనుంచి దగ్గు వినిపించింది. రెండుసార్లు. ఆగి, మరొకసారి.

నేను అక్క ముఖం చూశాను. ఆమె చేతులు నీళ్ళలోనే నిలిచిపోయాయి. వెనుదిరగకుండా మెల్లగా, "యుమ్మా పిలుచ్చాండాది. పోయి చూసిరా" అంది.

వెళ్ళాను. కుర్చీ ఖాళీగా ఉంది. దిండు మీద మనిషి ఒరిగిన గుంట ఉంది. అది ఉదయం అక్క కూర్చున్న గుంట కావచ్చు. నేను తార్కికుణ్ణి, అంతకుమించి చెప్పను. తిరిగివచ్చి "ఎవరూ లేరండి" అన్నాను. "ఉంటాదిలే. కొడుకు రాకనే యాడికి పోతాది" అని మళ్ళీ బియ్యం కడగసాగింది.

సైన్యం వెళ్ళిపోయాక మార్చి మొదట్లో బాబా సౌదీ మీదుగా కారులో వచ్చాడు. వెంట మామా ఉంది. పిల్లలను అక్కడే ఉంచారు. టెలిఫోన్లు లేవు, ఉత్తరాలు లేవు, తల్లి మరణం ఆయనకు తెలియదు. ఆనాడూ మిట్టమధ్యాహ్నమే పొగచీకటి. వీధి పొడవునా బోడిగోడలు. మా ఇంటికి మాత్రం తలుపులున్నాయి, పరదాలున్నాయి, కిటికీలో దీపం వెలుగులో తల్లి కూర్చుని ఉంది. సైన్యం పోయాక దోపిడీగాళ్ళు తిరుగుతున్నారని అక్క మళ్ళీ ముసుగు కట్టుకుని కూర్చుంది. నేను గేటు తీసి, చెప్పేలోగా ఆయన నన్ను దాటి పరుగెత్తాడు. "యుమ్మా! యుమ్మా!" అంటూ వెళ్ళి మోకాళ్ళమీద పడి ఆమె ఒడిలో తల పెట్టుకున్నాడు.

ఆమె చేయి గాలిలో ఆగింది. తర్వాత ఆయన తలమీదకు దిగింది. నేను గోడకానుకుని చూస్తున్నాను. ఆ క్షణంలో ఆమె మౌనంగా ఉండిపోతుందేమోనని, ఇక ఎన్నటికీ ముసుగు విప్పదేమోనని నాకు భయం వేసింది. ఆమె రెండో చేత్తో ముసుగు ముడి విప్పింది.

"బాబా" అంది అరబ్బీలో, తన సొంత గొంతుతో. "నేను ఓబులను. అమ్మ నవంబరులో పోయింది. ఇల్లు వదలొద్దంది. వదల్లేదు."

ఆయన తలెత్తి ఆమె ముఖం చూశాడు. పెడబొబ్బ పెడతాడనుకున్నాను, కొడతాడేమోనని ఒక అడుగు ముందుకు వేశాను. ఆయన మళ్ళీ ఆ ఒడిలోనే తల పెట్టుకుని, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. ఆమె లేవలేదు.

మామా మాత్రం గుమ్మం దాటలేదు. "ఆ బట్టలు తీసెయ్ ఓబులా. ఇప్పుడే" అంది. ఆమెను తప్పుపట్టలేను. ఆ తర్వాత అక్క ఏ తలుపు చాటునుంచి వచ్చినా మామా ఉలిక్కిపడేది. ఒకసారి అక్కకు వంటింట్లో పొలమారి దగ్గు వస్తే, మామా చేతిలో పళ్ళెం జారి పగిలింది. రెండు వారాలకు అక్కే వెళ్ళి చెప్పింది. "మామా, నన్ను పంపించు. నన్ను చూస్తే నీకు ఆమె కనబడుతోంది. నీ తప్పు కాదు." ఖలాస్, అంతటితో ఆ ఇంట ఆమె కొలువు ముగిసింది. మేమిద్దరం విమానం ఎక్కేముందు బాబాను యుమ్మా సమాధికి తీసుకువెళ్ళి, ఏ రాయో నేను చూపించాను. బిస్కెట్ల డబ్బాను అక్క ఆయన చేతికిచ్చింది. యుద్ధానంతరం అటువంటి ఇళ్ళ అప్పులను అక్కడి ప్రభుత్వం మాఫీ చేసింది. ఆ సంగతి చెప్పడానికి ఆయన నాకు ఫోను చేశాడు. అక్కకు చెబితే, "యుమ్మా ఉండింటే నవ్వుండేది" అంది.

తన పల్లెలో తాను కొన్న రెండు గదుల ఇంట్లో ఆమె పాతికేళ్ళకు పైగా కాపురముంది. అప్పు తీరేదాకా ఒక్క పొద్దయినా తాళం వేసి పొరుగూరిలో నిద్రచేయలేదని రమణమ్మ చెప్పింది. నేను ఏటా ఒకసారి వెళ్ళేవాణ్ణి. ఎదురుగా కూర్చుని నా తలనెరుపును ఎగతాళి చేసేది. కువైట్ సంగతులు ఎత్తేది కాదు, నేనెత్తితే వినేది. ఒక్కసారి మాత్రం తానుగా అడిగింది. "అబ్బీ, ఆ పొద్దు దగ్గింది ఎవురు?" నేను ఆలోచించి, "తెలీదండి" అన్నాను. "నాకూ తెలీదు. నేను గాదు గదా, అదే చాలు" అంది, ఎంతో ఊరట పొందినట్టు.

నేను వెళ్ళేసరికి ఆమెను చాప మీద పడుకోబెట్టారు. ముఖం ప్రశాంతంగా, పూర్తిగా ఆమెదిగా ఉంది. ఊరివాళ్ళతో పాటు నేనూ పాడె మోశాను. మరునాడు జహ్రాకు ఫోను చేశాను. బాబాకు ఇప్పుడు ఎనభై దగ్గర. వినికిడి తగ్గింది, రెండుసార్లు చెప్పవలసి వచ్చింది.

"మా అమ్మ పోయినప్పుడు నేను లేను" అన్నాడు. "ఈమె పోయినప్పుడూ లేను. నువ్వు ఉన్నావా?"

"ఉన్నాను బాబా. మోశాను."

"రెండుసార్లూ నువ్వే ఉన్నావు" అన్నాడు ఆయన. "నాకు అన్నదమ్ములు లేరనుకున్నాను."

అక్కా, నీవు మోసిన బరువును కొలిచే శక్తి ఈ పండితుని భాషకు లేదు. నీ పాదాలకు నమస్కరిస్తున్నాను. ఈ భూమి మీద నన్ను "అబ్బీ" అని పిలిచే గొంతు ఇక లేదు.